ఐసీయూ మంచం దగ్గర ఊపిరితిత్తుల స్కానింగ్: ఒక్క బొమ్మ చాలదు

గోదావరి డెల్టాలో వెంటిలేటర్ దాకా వెళ్లే రోగాల జాబితాలో ఈ నేల, ఈ నీరు, ఇక్కడి పనులు అన్నీ కనిపిస్తాయి. వరి చేల దగ్గర కట్లపాము కరిచి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడ్డవాళ్లు, పురుగుమందు తాగినవాళ్లు, కాలువలోనో చేపల చెరువులోనో మునిగి బయటపడ్డవాళ్లు ఉంటారు. వానాకాలం వెళ్తూ వెళ్తూ తెచ్చే స్క్రబ్ టైఫస్, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో పనిచేసేవాళ్లకు అంటుకునే లెప్టోస్పైరోసిస్ ఉంటాయి. మామూలు నెమ్ము (న్యుమోనియా) ఎలాగూ ఉంటుంది. జబ్బు ఎక్కడ మొదలైనా, పరిస్థితి విషమించినప్పుడు దెబ్బ తరచుగా ఊపిరితిత్తుల మీదే పడుతుంది.

కోవిడ్ రోజుల్లో రాష్ట్రంలో అత్యధిక కేసులు నమోదైన జిల్లా అప్పటి ఉమ్మడి తూర్పు గోదావరి. "సీటీ స్కోర్ ఎంత?" అన్న ప్రశ్న అప్పుడు ప్రతి వీధిలోనూ వినిపించింది. 25కి ఎంత వచ్చిందన్నదే మనిషి తలరాత అన్నట్టు టెన్షన్ పడ్డారు జనం. నిజానికి ఆ అంకె స్కానింగ్ తీసిన ఆ గంటలో ఊపిరితిత్తి ఎలా ఉందో చెబుతుంది, అంతే. వెంటిలేటర్ మీద ఉన్న మనిషి ఊపిరితిత్తి పొద్దున ఒకలా, రాత్రికి ఇంకోలా మారిపోతుంది. కాబట్టి ఐసీయూలో కావలసింది ఒక్క మంచి బొమ్మ కాదు. ఒకే పద్ధతిలో, మంచం దగ్గరే, రోజూ తీసి నిన్నటితో పోల్చుకోగల బొమ్మలు కావాలి. ఆ పనికి డెల్టా ఆసుపత్రుల్లో అందుబాటులో ఉన్న సాధనాల్లో అల్ట్రాసౌండ్‌కు సాటి వచ్చేది లేదు.

స్పష్టతలో సీటీయే మేలు, అందులో వాదన లేదు. ఇబ్బంది రోగిని అక్కడిదాకా తీసుకెళ్లడంలో ఉంది. గొంతులో గొట్టం, ఆక్సిజన్ సిలిండర్, బీపీ పడిపోకుండా మందు ఎక్కించే పంపులు, మానిటర్ అన్నిటినీ కదిలించాలి. వెంటిలేటర్ నుంచి విడదీసిన కొద్ది క్షణాల్లోనే, గాలి పీడనం మీద తెరుచుకుని నిలబడ్డ గాలి గదులు మూతపడి ఆక్సిజన్ పడిపోవచ్చు. చిన్న పట్టణాల్లో సీటీ కేంద్రం ఒక్కోసారి వేరే వీధిలో ఉంటుంది. ఈ రిస్కు ఒకసారి తీసుకోవచ్చేమో గానీ రోజూ తీసుకోలేరు.

మంచం దగ్గరికే వచ్చే పోర్టబుల్ ఎక్స్‌రే దశాబ్దాలుగా ఆదుకుంటోంది. గొట్టం సరైన చోట ఉందా, మందులు ఎక్కించడానికి మెడ దగ్గర నాళంలో వేసిన సెంట్రల్ లైన్ ఎక్కడిదాకా దిగింది అన్నవి చూడటానికి ఇప్పటికీ అదే దిక్కు. అయితే పడుకున్న మనిషి వీపు కింద ప్లేటు పెట్టి ముందు నుంచి తీసే ఈ ఎక్స్‌రేలో గుండె ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. ఛాతీలో చేరిన నీరు వెనక్కి పరుచుకుని, గీత గీసినట్టు కాకుండా మసకగా అగుపిస్తుంది. రోగి సరిగ్గా ఊపిరి బిగబట్టలేడు కాబట్టి ఫిల్ము అలికినట్టు వస్తుంది. ఆ మసక నెమ్మో, నీరో, మూతపడ్డ ఊపిరితిత్తి భాగమో చాలాసార్లు తేల్చి చెప్పలేరు.

ఇక్కడ ఊపిరితిత్తుల్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) అంటే ఏమిటో కాస్త ఆగి చూడాలి. ఊపిరితిత్తిలోని గాలి గదులకూ వాటిని చుట్టిన సన్నని రక్తనాళాలకూ మధ్య ఉండే గోడ చాలా పలచన. సూక్ష్మజీవి గానీ, విషం గానీ, కడుపులోంచి పైకి తన్నిన ఆమ్లం గానీ ఆ గోడను దెబ్బతీస్తే తెల్లరక్తకణాలు అక్కడికి చేరతాయి. శత్రువుతో పాటు గోడనూ గాయపరుస్తాయి. ప్రోటీన్లతో కూడిన ద్రవం ఊరి గదుల్లోకి చేరుతుంది. గుండె బలహీనపడినా గదుల్లోకి నీరు వస్తుంది, కానీ దారి వేరు. కాలువలో నీటిమట్టం పెరిగి గట్టు మీదుగా చేలోకి పొర్లడం ఒకటి. మట్టం మామూలుగానే ఉన్నా ఎలకలు, పీతలు తొలిచిన బొరియల్లోంచి చేలోకి ఊటెక్కడం మరొకటి. మొదటిదానికి మట్టం తగ్గిస్తే సరి, అంటే మూత్రం జారీ చేసే ఇంజెక్షన్. రెండోదానికి ఆ ఇంజెక్షన్ ఒక్కటే సరిపోదు, గట్టుకు గండి ఎందుకు పడిందో చూడాలి.

"లంగ్స్‌లో నీరు చేరింది" అని పేషెంటు తాలూకు వాళ్లకు చెప్పే మాట వెనక ఈ రెండే కాక మూడోదీ ఉంటుంది. అది ఊపిరితిత్తి బయట, పొరల మధ్య చేరే నీరు. దాన్ని సూదితో తీయొచ్చు. లోపల ఊరినదాన్ని సూదితో తీయలేరు. ఒకరికి సూదితో నీరు తీసి పంపించారని, తమవాళ్లకు ఎందుకు తీయడం లేదని బంధువులు ఆందోళన పడటం సహజం. ఏ నీరో మొదటి రోజే విడమరిచి చెబితే ఆ ఆందోళన సగం తగ్గుతుంది.

ఈ మూడింటినీ వేరు చేయడంలోనే అల్ట్రాసౌండ్ సత్తా బయటపడుతుంది. చాలాకాలం వైద్యులు ఊపిరితిత్తిని అల్ట్రాసౌండ్‌కు పనికిరాని అవయవంగానే లెక్కేశారు. శబ్ద తరంగాలు గాలిని దాటి పోలేవు, పొరకు తగిలి వెనక్కి వచ్చేస్తాయి. ఫ్రెంచి వైద్యుడు డేనియల్ లిష్టెన్‌స్టైన్ వంటివాళ్లు 1990ల నుంచి పట్టుకున్న కిటుకు ఏమిటంటే, వెనక్కి వచ్చిన ఆ ప్రతిధ్వనుల తీరే లోపలి సంగతి చెబుతుంది. ఊపిరితిత్తి గాలితో నిండి ఉంటే తెర మీద అడ్డంగా, సమాన దూరాల్లో గీతలు వస్తాయి. వాటిని ఎ లైన్లు అంటారు. గదుల గోడల్లో ద్రవం ఊరడం మొదలైతే పొర దగ్గర నుంచి తెర అడుగుదాకా టార్చిలైటు వెలుగులా నిలువు చారలు దిగుతాయి. అవి బి లైన్లు. రెండు పక్కటెముకల మధ్య మూడు, అంతకు మించి కనబడితే లెక్కలోకి తీసుకోవాలి. గాలి పూర్తిగా పోయి గదులు ద్రవంతో నిండితే ఊపిరితిత్తి అచ్చం కాలేయంలా గట్టిగా కనిపిస్తుంది. పొరల మధ్య చేరిన నీరైతే నల్లగా, విడిగా తెలిసిపోతుంది. ఊపిరితో పాటు పొర కదలడం ఆగిపోతే, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోయిందేమోనని వెంటనే అనుమానించాలి.

2004లో లిష్టెన్‌స్టైన్ బృందం తీవ్ర శ్వాసకోశ వైఫల్యం ఉన్న 32 మంది రోగుల్లో స్టెతస్కోపు, పోర్టబుల్ ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ మూడింటినీ సీటీతో సరిచూసింది. ఛాతీలో నీరు కనిపెట్టడంలో స్టెతస్కోపు 61 శాతం, ఎక్స్‌రే 47 శాతం, అల్ట్రాసౌండ్ 93 శాతం సరిగ్గా చెప్పాయి. గట్టిపడ్డ ఊపిరితిత్తి విషయంలో వరసగా 36, 75, 97 శాతం. చిన్న అధ్యయనమే. చేసినవాళ్లు ఆ విద్యలో ఆరితేరినవాళ్లు. ఎవరు చేసినా 97 వస్తుందని దీన్నిబట్టి అనుకోకూడదు. అయినా ఐసీయూలో స్టెతస్కోపు, ఎక్స్‌రే ఎంత విడిచిపెడుతున్నాయో ఈ అంకెలు కళ్లకు కట్టాయి.

అయితే అల్ట్రాసౌండ్ చూపించేది వాపును కాదు, వాపు వల్ల వచ్చిన తడిని. ఆ తడి నీరైనా, చీము అయినా, లెప్టోస్పైరోసిస్‌లో కారే రక్తమైనా బి లైన్లు ఒకేలా కనబడతాయి. గుండె వల్ల వచ్చిన తడా, వాపు వల్ల ఊరిన తడా అన్నది తేల్చడానికి వైద్యులు పక్క ఆధారాలు వెతుకుతారు. గుండె వల్లనైతే చారలు రెండువైపులా ఇంచుమించు సమానంగా ఉంటాయి, పొర నున్నగా ఉంటుంది. వాపు అయితే పొర గరుకుగా, మందంగా మారుతుంది. దాని కింద అక్కడక్కడా చిన్న చిన్న గట్టి ముద్దలుంటాయి. జబ్బుపడ్డ భాగం పక్కనే బాగున్న భాగమూ కనిపిస్తుంది. ఛాతీ మీద ఆనించి చూసే అదే ప్రోబ్‌తో గుండె కొట్టుకునే తీరు కూడా చూస్తే అనుమానం చాలావరకు తీరుతుంది.

కారణం మాత్రం బొమ్మలో దొరకదు. జ్వరంతో వచ్చి రెండు ఊపిరితిత్తులూ తడిసిపోయిన రోగికి ఎంత గొప్ప యంత్రంతో చూసినా స్క్రబ్ టైఫస్ అని తెర మీద రాదు. చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో పురుగు కుట్టిన చోట నల్లటి పెచ్చు కట్టిన పుండు ఉందా అని బట్టలు తొలగించి వెతికితే దొరుకుతుంది. దొరికితే డాక్సీసైక్లిన్ అనే చవకైన మందు ప్రాణం కాపాడుతుంది. స్కానింగ్ ఉంది కదా అని ఈ వెతుకులాట మానేస్తే నష్టం యంత్రం వల్ల కాదు, దాని మీద పెట్టుకున్న అతి నమ్మకం వల్ల జరుగుతుంది.

పురుగుమందు కేసుల్లో స్కానింగ్ ఇంకా సూటిగా ఉపయోగపడుతుంది. ఆర్గానోఫాస్ఫరస్ మందు తాగినవాళ్ల ఊపిరితిత్తుల్లో స్రావాలు పొంగుకొస్తాయి. అవి ఆరిపోయి ఛాతీ శుభ్రంగా వినబడేదాకా అట్రోపిన్ అనే విరుగుడు మందు పెంచుతూ పోవాలన్నది చికిత్స సూత్రం. అయితే అదే రోగి వాంతి చేసుకున్నప్పుడు కొంత ఊపిరితిత్తిలోకి పోయి ఉండొచ్చు. అలా పోయినచోట వచ్చే గరగర శబ్దం అట్రోపిన్‌కు తగ్గదు. తగ్గడం లేదని మందు పెంచుతూ పోతే రోగి పిచ్చి చేష్టలకు, జ్వరానికి, గుండె దడకు లోనవుతాడు. మిగతా ఛాతీ అంతా పొడిగా ఉండి, కుడి కింది భాగంలో ఒక్కచోటే గట్టిపడ్డట్టు స్కానింగ్‌లో కనబడితే, ఆ శబ్దం విషం వల్ల కాకపోవచ్చునని, వాంతి పోయిన చోట మొదలైన నెమ్ము కావొచ్చునని వైద్యుడు ఆలోచిస్తాడు. ఏటా ఇలాంటి కేసులు చూసే డెల్టా ఆసుపత్రులు ఈ ఒక్క ఉపయోగం కోసమైనా ప్రోబ్ అందుబాటులో ఉంచుకోవాలి.

రోజూ పోల్చుకోవడానికి ఒక లెక్క ఉంది. ఛాతీని ఒక్కోవైపు ఆరు చొప్పున 12 భాగాలుగా చేసి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. గాలితో నిండి ఉంటే 0, విడివిడి బి లైన్లుంటే 1, అవి కలిసిపోతే 2, గట్టిపడితే 3. మొత్తం 36. ఉదాహరణకు సోమవారం 14 ఉండి బుధవారం 18కి పెరిగిందనుకుందాం. పెరిగింది ఎక్కడో చూడాలి. వెనక వైపు రెండు కింది భాగాల్లోనే పెరిగితే, కదలకుండా పడుకోవడం వల్ల మూతపడిందేమో. ముందు వైపు కొత్తగా వస్తే జబ్బు ముదురుతోందేమో. కేస్ షీట్‌లో "బి లైన్లు ఉన్నాయి" అని రాసి వదిలేస్తే ఈ తేడా ఎవరికీ తెలియదు. రోజూ అదే భంగిమలో, యంత్రం అదే సెట్టింగుల మీద చూడాలి. వెలుగు పెంచినా కోణం మార్చినా చారలు పెరిగినట్టో తగ్గినట్టో కనబడి మోసం చేస్తాయి. మంచం దగ్గరి స్కానింగ్ బలం అంతా ఈ వరసలో ఉంది. విడిగా తీసిన ఏ ఒక్క బొమ్మకూ ఆ బలం లేదు.

ఎఆర్‌డీఎస్ అనే తీవ్ర శ్వాసకోశ వైఫల్యాన్ని 1967లో తొలిసారి 12 మంది రోగుల్లో వర్ణించారు. 2012 నాటి బెర్లిన్ నిర్వచనం ప్రకారం దాన్ని నిర్ధారించాలంటే ఎక్స్‌రేనో సీటీనో కావాలి, ధమని రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఏబీజీ పరీక్ష కావాలి, వెంటిలేటర్ లేదా బిగుతు మాస్కుతో పీడనం ఇస్తూ ఉండాలి. ఇవి లేని ఆసుపత్రిలో జబ్బు ఉన్నా లెక్కలోకి రాదు. రువాండా రాజధాని కిగాలీలో పనిచేసిన వైద్యులు ఈ చిక్కును ఎదుర్కొని, అల్ట్రాసౌండ్‌నూ వేలికి పెట్టే ఆక్సీమీటర్‌నూ వాడి 2016లో మార్పులు ప్రతిపాదించారు. ఆ ఆలోచన 2023 నాటి అంతర్జాతీయ నిర్వచనంలోకి వచ్చింది. ఆక్సీమీటర్ అంకెను, ఇస్తున్న ఆక్సిజన్ వంతుతో భాగించాలి. 60 శాతం ఆక్సిజన్ మీద 92 చూపిస్తుంటే 92ను 0.6తో భాగిస్తే 153 వస్తుంది. ఆక్సీమీటర్ 97 దాటనప్పుడు ఈ లెక్క 315 లేదా అంతకు తక్కువగా ఉండి, శిక్షణ ఉన్న వ్యక్తి రెండువైపులా వాపు లక్షణాలు చూసి, గుండె కారణం కాదని తేలితే, సదుపాయాలు తక్కువున్న చోట ఎక్స్‌రే, ఏబీజీ లేకున్నా నిర్ధారించవచ్చు. తాలూకా కేంద్రంలోని ఐసీయూకు ఇది చాలా పెద్ద మార్పు.

నిర్ధారణ అంటే కాగితం మీద పేరు రాసుకోవడం కాదు. 50 దేశాల్లోని 459 ఐసీయూల్లో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఐసీయూలో చేరిన ప్రతి పదిమందిలో ఒకరికి ఎఆర్‌డీఎస్ ఉంది. కానీ వైద్యులు గుర్తించింది వాళ్లలో సుమారు 60 శాతం మందినే. గుర్తించకపోతే వెంటిలేటర్ సెట్టింగు మారదు. 2000లో వచ్చిన అమెరికా ప్రయోగంలో ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలిని కిలోకు 12 మిల్లీలీటర్ల నుంచి 6కు తగ్గిస్తే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31 శాతానికి దిగాయి. ఆ కిలోల లెక్క మనిషి బరువు బట్టి కాదు, ఎత్తు బట్టి. 165 సెంటీమీటర్ల మగమనిషికి దాదాపు 370 మిల్లీలీటర్లు, 150 సెంటీమీటర్ల స్త్రీకి 260. మనిషి 85 కిలోలున్నాడని 500 పైగా ఇస్తే వాచిన ఊపిరితిత్తి ఇంకా చిరుగుతుంది. ఒక కొలత టేపు, ఒక నిర్ణయం, ఒక ప్రాణం. తీవ్రమైన కేసుల్లో రోజుకు కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెట్టడం 28 రోజుల మరణాలను దాదాపు 33 శాతం నుంచి 16కు తగ్గించిందని 2013లో ఫ్రాన్స్, స్పెయిన్ వైద్యులు చూపించారు. దీనికి ఖరీదైన మందేమీ అక్కర్లేదు, నలుగురైదుగురు శిక్షణ పొందిన నర్సులు కావాలి.

గొట్టం వేసి 48 గంటలు దాటాక వచ్చే వెంటిలేటర్ నెమ్మును పట్టడంలోనూ అల్ట్రాసౌండ్ సాయపడుతుంది. గట్టిపడ్డ భాగంలో శ్వాసతో పాటు గాలి బుడగలు కదులుతుంటే, అది కేవలం మూతపడ్డది కాదు, నెమ్ము అయ్యుండే అవకాశం ఎక్కువ. కఫంలోని క్రిమిని పెంచి గుర్తించే కల్చర్ పరీక్ష లేకుండా దీన్నొక్కదాన్నే చూసి పెద్ద యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మాత్రం తగదు.

చూడలేనివి కొన్ని ఉన్నాయి. పొర దాకా రాని లోతైన మచ్చ కనపడదు. చర్మం కింద గాలి చేరితే ఏమీ కనపడదు. లావు మనుషుల్లో, కట్లు కట్టిన ఛాతీలో కష్టం. వెంటిలేటర్ పీడనం ఎక్కువై గాలి గదులు అతిగా సాగిపోతే తెర మీద ఆరోగ్యంగా ఉన్నట్టే ఎ లైన్లు వస్తాయి. స్కోరు తగ్గిందని పీడనం పెంచుకుంటూ పోయేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు. ఇక ఒక రోగి నుంచి ఇంకో రోగికి వెళ్లేటప్పుడు ప్రోబ్‌నూ వైరునూ తుడవకపోతే, యాంటీబయాటిక్‌కు లొంగని క్రిములు మంచం మంచానికీ ప్రయాణం చేస్తాయి.

యంత్రం కొనడంకంటే దాన్ని ఐసీయూలో వాడుకునే ఏర్పాటే కష్టం. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ అధికారుల దగ్గర నమోదు కావాలి. పోర్టబుల్ యంత్రాల మీద ఆంక్షలు ఇంకా గట్టివి. ఆడపిల్లల ప్రాణాలకు సంబంధించిన ఆ చట్టాన్ని సడలించమని అడగడం సరికాదు. అయితే అదే ఆసుపత్రి ఆవరణలో, ఇన్‌పేషెంట్ల కోసం వాడటానికి చట్టంలోనే దారి ఉంది. ఐసీయూ పేరుతో యంత్రాన్నీ వైద్యుడినీ నమోదు చేయించి, రిజిస్టరు సక్రమంగా నిర్వహిస్తే సరిపోయే పనికి భయపడి చాలాచోట్ల యంత్రాన్ని రేడియాలజీ గదిలోనే తాళం వేసి ఉంచుతారు. అర్ధరాత్రి ఆక్సిజన్ పడిపోయిన రోగికి ఆ తాళం పెద్ద అడ్డంకి.

శిక్షణ అందని ద్రాక్ష కాదు. పర్యవేక్షణలో 25 మంది రోగుల్ని పరీక్షిస్తే కొత్తవాళ్ల స్కోరు నిపుణుల స్కోరుకు దగ్గరగా వస్తుందని 2018 నాటి ఒక బహుళ దేశాల అధ్యయనం చెప్పింది. కాకినాడలో 1958 నుంచి నడుస్తున్న రంగరాయ వైద్య కళాశాల ఉంది. అమలాపురం, రాజానగరం, ఏలూరుల్లోనూ వైద్య కళాశాలలు ఉన్నాయి. చుట్టుపక్కల ఏరియా ఆసుపత్రుల డ్యూటీ డాక్టర్లను విడతలవారీగా పిలిచి, ఈ 25 పరీక్షలూ తమ ఐసీయూల్లో చేయించగల శక్తి వాటికి ఉంది.

ముందుముందు రాబోయేవీ ఉన్నాయి. ఛాతీ చుట్టూ 16 లేదా 32 ఎలక్ట్రోడ్ల పట్టీ కట్టి, అతి కొద్ది కరెంటు పంపి, గాలి ఏ భాగంలోకి ఎంత వెళ్తోందో క్షణక్షణం చూపే ఎలక్ట్రికల్ ఇంపీడెన్స్ టోమోగ్రఫీ ఇప్పటికే కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. అతిగా సాగిన భాగాన్ని పట్టడంలో అది అల్ట్రాసౌండ్ లోటు తీరుస్తుంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. శ్వాసనాళాల్లోకి దించి చూసే గొట్టం, అంటే బ్రాంకోస్కోపు గుండా వెంట్రుకంత ఆప్టికల్ ఫైబర్‌ను ఊపిరితిత్తి లోతుకు పంపి, రెచ్చిపోయిన తెల్లరక్తకణాల దగ్గర మాత్రమే వెలిగే రంగును చల్లి చూస్తున్నారు. తడిని కాక వాపునే నేరుగా చూసే ప్రయత్నం అది. ఫలిస్తే అనవసరపు యాంటీబయాటిక్‌లు చాలా తగ్గుతాయి. ప్రస్తుతానికి అది పరిశోధన దశలోనే ఉంది.

డెల్టాలో రేపే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. అమలాపురం నుంచి యానాం వంతెన మీదుగా కాకినాడకో, రావులపాలెం మీదుగా రాజమండ్రికో రోగిని పంపేటప్పుడు ఎక్స్‌రే ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు కవర్లో పెట్టి ఇస్తారు. మూడు రోజులుగా మంచం దగ్గర చూసిన స్కానింగ్ మాత్రం చూసిన డాక్టరు జ్ఞాపకంలోనే ఉండిపోతుంది. పెద్దాసుపత్రి వాళ్లు మళ్లీ మొదటి బొమ్మ దగ్గర నుంచి మొదలుపెడతారు. రిఫరల్ చీటీ వెనక 12 గడుల పట్టిక ఒకటి అచ్చువేసి, రోజువారీ స్కోరు, ఆ పూట ఇస్తున్న ఆక్సిజన్ వంతు, ఆక్సీమీటర్ అంకె, సెంటీమీటర్లలో రోగి ఎత్తు రాసి పంపితే చాలు. అంబులెన్స్ దిగేసరికే అక్కడి డాక్టరుకు ఈ ఊపిరితిత్తి మూడు రోజులుగా ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది.